మజ్జగతమా, మజ్జాగతమా?

పానగల్లు: ఎముక మూలుగల చేరిన అనే అర్థంల ‘అస్థిమజ్జగత’ రాయాల్నా, ‘అస్థిమజ్జాగత’ రాయాల్నా? ‘జ్జ’ హ్రస్వమా, దీర్ఘమా? రొమ్ము కేన్సర్ లోలోపల మూలుగకు చేరిందేమో చూసే పరీక్ష మీద కరపత్రం. ‘మజ్జాగతం’ అని రాస్తే ప్రూఫుల కొట్టేసిన్రు.

అలంపురం: రెండూ సాధువులే. నకారాంత ‘మజ్జన్’ సమాసంలో ‘మజ్జ’ అవుతుంది, ఆకారాంత స్త్రీలింగం ‘మజ్జా’ వేరే ఉంది. ధాతువుకు మునగడమని అర్థం, మజ్జనమూ అందులోంచే. కాబట్టి ‘లోలోపల’ అని మళ్ళీ చెప్పనక్కర్లేదు.

దేవరకొండ: మునిగింది సరే సార్, ఆ మూలుగను సిరంజితోని పైకి లాగుడే కష్టం. తుంటెముక వెనక గట్టు నుంచి మొదటి లాగుడు అర మిల్లీలీటరు మించొద్దు, మించితే రక్తం కలిసి పలుచనైతది. కేన్సర్ చుట్టూ నారకణజాలం పేరుకుంటే సిరంజిలకు చుక్క రాదు. ఈ డ్రై ట్యాప్‌ను సూది తప్పని కొట్టిపారేయొద్దు, అదే ఒక ఆనవాలు. ట్రెఫైన్ అనే బోలు సూదితోని 2 సెం.మీ. ఎముక ముక్క తియ్యాలె. కుళ్ళకుండ నిలువచేసే ఫార్మలిన్‌ల వెయ్యకముందే స్లైడు మీద అద్దాలె.

డిండి: ముక్కల కనపడకుంటే లేనట్టేనా?

దేవరకొండ: కాదన్నా. అక్కడక్కడ గుంపులుగ ఉంటది, సూది పక్కనుంచి పోవచ్చు. న్యూరోబ్లాస్టోమా అనే నరాల కణాల కేన్సర్ ఉన్న పిల్లలకు తుంటికి రెండు దిక్కులా తీసేది అందుకే. విడి కణాలు మామూలు రంగుల చిక్కయి, ఇసొంటి కేన్సర్ కణాలల్ల ఉండే సైటోకెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టే మరక వెయ్యాలె. టెక్నీషియం బోన్ స్కాన్ చూపేది ఎముక ప్రతిచర్యను, మూలుగను కాదు. మూలుగ వరకే ఉంటే ఎమ్మారైల ముందు దొరుకుతది. వీటన్నిటికన్న ముందు రక్తం స్మియర్, అంటే స్లైడు మీద పలుచగ పరిచిన రక్తపు చుక్క, చూడుండ్రి: కేంద్రకమున్న ఎర్రకణాలు, కన్నీటిబొట్టు ఆకారపు కణాలు, ముదరని తెల్లకణాలు కలిసి కనపడితే అనుమానించాల్సిందే.

డిండి: గంత చెప్పినంక ‘మజ్జాగతం’ ఎవరికి? మా దిక్కు మటన్ కొట్టుల నల్లిబొక్క అంటరు. ‘మూలుగ’ రాస్తే ఒక్క కొమ్ము ఎక్కువ పడ్డా మూలుగుడే. పాల్కురికి సోమనాథుడు జాను తెనుగు, అంటే అందరికీ తెలిసే తేట తెలుగు, అన్నది ఊకెనేనా?

అలంపురం: సోమనాథుడి దాకా పోతే ద్విపదలో తూచండి, పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. ‘మజ్జ’ గురువు, లఘువు కలిసిన హగణం, పాదం చివర సూర్యగణంగా కూర్చుంటుంది. ‘మజ్జా’ రెండు గురువులు, ఒంటిగా సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. ‘మూలుగ’ ఒక గురువు, రెండు లఘువుల భగణం, ఇంద్రగణాల్లో హాయిగా ఇముడుతుంది.

పానగల్లు: కరపత్రం వచనమే సార్.

డిండి: నల్లిబొక్క?

అలంపురం: గురువు, లఘువు, గురువు రగణం; అది పోను ఒక లఘువు మిగులుతుంది.

డిండి: తర్వాతి గణంలకు తోస్తే? ఇంద్రగణాలల్ల నగము, సలము, నలము మూడూ లఘువుతోనే మొదలైతయి కద.