1బీలో ఎకరం తగ్గింది, తండ్రి పేరు మారింది: ఎలా సరిచేయించాలి?

రాజాం రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మా తాతగారి తాలూకు జిరాయితీ (సొంత పట్టా) భూమి 1 ఎకరం 42 సెంట్లు. పాత పాస్‌బుక్కులోనూ శిస్తు రసీదుల్లోనూ అంతే ఉంది. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బీ (ఖాతాదారు పేరున ఉన్న భూముల రికార్డు) తీస్తే 0.42 అని వస్తోంది. ఖాతా మా నాన్నగారిది. తండ్రి పేరు గడిలో తాతగారి పేరు ఉండాల్సింది పోయి పెదనాన్నగారి పేరు ఉంది. సచివాలయంలో అడిగితే "ఆన్‌లైన్‌లో ఎలా ఉంటే అలాగే, మేమేటి చేస్తాం" అన్నారు. మండలాఫీసులో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదూ లేదు, జవాబూ లేదు. ఊళ్లో రీసర్వే ఇంకా కాలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, ప్రతిసారీ సెలవు పెట్టి రావాలంటే టెన్షన్‌గా ఉంది. ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? మండలం పేరు రాయలేదు, ఏమనుకోవద్దు.

పాత వీఆర్వో:
బాబూ, ఆ రెండు అర్జీల్లో ఏం రాశావు? "మా భూమి వివరాలు ఆన్‌లైన్‌లో తప్పుగా ఉన్నాయి, దయతో సరిచేయగలరు" అనేనా?

రాజాం రైతుబిడ్డ:
అచ్చంగా అదేనండి.

పాత వీఆర్వో:
అందుకే కదల్లేదు. అలాంటి అర్జీ చూసి ఏ గుమాస్తా ఏం దిద్దుతాడు? ఏ గడిలో తప్పుంది, అక్కడ ఏముండాలి, అలా ఉండాలని ఏ రికార్డు చెబుతోంది, ఈ మూడూ నువ్వే చూపించాలి.

ముందు ఒకటి తెలుసుకో. మీభూమిలో కనబడేది వెబ్‌ల్యాండ్‌లో, అంటే రెవెన్యూ శాఖ కంప్యూటరు రికార్డులో ఉన్న ఎంట్రీ. వెబ్‌ల్యాండ్‌లోకి చేతిరాత రిజిస్టర్లు చూసి ఎక్కించారు. వాటికి మూలం ఆర్‌ఎస్‌ఆర్, అంటే శిస్తు కోసం భూములు కొలిచి రాసిన రీసెటిల్మెంట్ రిజిస్టరు. మీ ఎకరం ఏ మెట్టు దగ్గర జారిందో తెలియాలి. టైపు చేసేటప్పుడు పోయిందా, చేతిరాత 1బీలోనే లేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

ఇంట్లో కూర్చునే సగం పని చేయొచ్చు. మీ ఒక్క సబ్‌డివిజన్ (సర్వే నంబరులో మీ ముక్క) చూసి ఆగిపోకు. ఆ సర్వే నంబరులో ఉన్న సబ్‌డివిజన్లన్నిటి అడంగల్ (ఏ ముక్క ఎంత, ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు) తీసి విస్తీర్ణాలు కూడు. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ నంబరు మొత్తం 6.80 అనుకో. ఆన్‌లైన్ లెక్క 5.80 వస్తే మీ ఎకరం ఎవరి ఖాతాలోనూ లేదు, టైపింగులో ఒకటి ఎగిరిపోయిందన్నమాట. అది దిద్దుబాటు. అలాకాకుండా ఆన్‌లైన్‌లో కూడా 6.80 వస్తే ఆ ఎకరం పక్కవాళ్ల ఖాతాలో కూర్చుంది. అప్పుడది తగువు. వాళ్లకు నోటీసు ఇవ్వకుండా తహసీల్దారు దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకున్నా నిలవదు.

బొబ్బిలి గుమాస్తా:
వీఆర్వో గారు చెప్పిందానికి ఒక చిన్న చేర్పు. మన వైపు చాలా ఊళ్లు జమీందారీ ఎస్టేట్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్మెంటు చేసిన గ్రామమైతే ఆర్‌ఎస్‌ఆర్ అని అడిగితే "మా దగ్గర లేదు" అంటారు. నిజంగానే ఉండదు. అక్కడ సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ (ఆ సెటిల్మెంటులో రాసిన భూముల రిజిస్టరు) అని అడగాలి. ఈ ఒక్క మాట తెలియక ఆరు నెలలు తిరిగినవాళ్లను చూశాను.

రాజాం రైతుబిడ్డ:
మాది ఎస్టేటు ఊరో కాదో నాన్నగారికే తెలియదు. ఆ నకళ్లు ఎలా తెచ్చుకోవాలండి? అడిగితే రికార్డు రూము తాళం చెవి ఎవరి దగ్గరో ఉందంటారు.

బొబ్బిలి గుమాస్తా:
సమాచార హక్కు చట్టం, సెక్షన్ 6(1). మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. తెల్లకార్డు ఉంటే అదీ లేదు, కార్డు జిరాక్సు జతచేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే సెలవు పెట్టక్కర్లేదు.

"ఎందుకు తప్పు పడింది" అని మాత్రం రాయకండి. కారణాలు చెప్పడం వాళ్ల పని కాదు, ఉన్న కాగితం ఇవ్వడమే పని. ఇలా అడగండి: ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు సంబంధించి ఆర్‌ఎస్‌ఆర్ లేదా ఫెయిర్ అడంగల్ పేజీ, చేతిరాత 1బీ పేజీ, 10(1) ఖాతా (గ్రామ లెక్కల రిజిస్టరు) పేజీ, కంప్యూటరులో ఎక్కించాక ఏదైనా మార్పు చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు. చివరిది మరిచిపోవద్దు. ఉత్తర్వు లేకుండా విస్తీర్ణం మారిందని వాళ్ల కాగితమే చెబితే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

గరివిడి కుర్రోడు:
ఇంత కథ ఎందుకు అన్నా? మా దగ్గర ఒకాయన ఉన్నాడు, కొంత పడేస్తే వారంలో మార్పించేస్తాడు.

పాత వీఆర్వో:
తమ్ముడూ, అలా మార్పించుకున్నవాళ్లు నాకూ తెలుసు. ఫైలు ఉండదు, ఉత్తర్వు ఉండదు. ఎవరో ఫిర్యాదు చేస్తారు, మళ్లీ పాత ఎంట్రీ వస్తుంది. అప్పుడు మొదటి తప్పు ఆఫీసుదైనా రెండో తప్పు మనదవుతుంది.

గరివిడి కుర్రోడు:
సరే లెండి. మా అమ్మ పేరు ఓటరు జాబితాలో తప్పు పడింది, దానికీ ఇలాగేనా?

బొబ్బిలి గుమాస్తా:
దానికింత లేదు. ఫారం 8 నింపి ఆన్‌లైన్‌లో గానీ మీ బీఎల్వోకి (పోలింగ్ బూత్ స్థాయి అధికారికి) గానీ ఇవ్వండి. ఇక్కడ కలపొద్దు.

రాజాం రైతుబిడ్డ (ఐదు వారాల తర్వాత):
నకళ్లు వచ్చాయండి! మాకు ఆర్‌ఎస్‌ఆరే ఉంది. సబ్‌డివిజన్లన్నీ కూడితే సరిగ్గా ఎకరం తక్కువ. చేతిరాత 1బీలో మా వాటా 1.42 అని శుభ్రంగా ఉంది. మార్పు ఉత్తర్వు ఏదీ లేదని రాసిచ్చారు. కానీ చేతిరాత 1బీలోనే తండ్రి పేరు దగ్గర పెదనాన్న పేరు ఉంది.

పాత వీఆర్వో:
చూశావా, రెండు తప్పులూ రెండు మెట్ల మీద ఉన్నాయి. ఒకే అర్జీలో పెట్టకు. పేరు గొడవ తేలేదాకా ఎకరం కూడా ఆగిపోతుంది. విస్తీర్ణం అర్జీ ముందు ఇవ్వు. ఇలా చాలు:

"నా ఖాతా నంబరు ఇది, సర్వే నంబరు ఇది. వెబ్‌ల్యాండ్‌లో విస్తీర్ణం 0.42 అని ఉన్నది. చేతిరాత 1బీ ప్రకారం 1.42 ఉండవలెను. సదరు సర్వే నంబరు ఆన్‌లైన్ మొత్తం ఆర్‌ఎస్‌ఆర్ మొత్తం కంటే 1.00 ఎకరం తక్కువగా ఉన్నది. ఏ ఉత్తర్వు లేకుండా ఈ తేడా వచ్చినట్లు మీ కార్యాలయం ఇచ్చిన సమాధానం జతపరచితిని. సరిచేయవలెను. తిరస్కరించినచో కారణములతో రాతపూర్వకంగా తెలుపవలెను."

ఖాతాదారు నాన్నగారు కాబట్టి సంతకం ఆయనదే. చేతికిచ్చి రావద్దు. సచివాలయంలో గానీ మీసేవలో గానీ నమోదు చేయించి అర్జీ నంబరు తీసుకోండి.

పేరు సంగతి వేరు. మూల రికార్డులోనే ఉంది కాబట్టి విచారణ చేస్తారు. నాన్నగారి ఆధార్, పాత పాస్‌బుక్కు, తాతగారి పేరున్న రసీదులు పెట్టు. అన్నిటికంటే ముందు పెదనాన్నగారి పిల్లలతో మాట్లాడు. "మాకు అభ్యంతరం లేదు" అని వాళ్లు ఒక వాంగ్మూలం ఇస్తే సగం పని అయినట్టే. పండక్కి ఎలాగూ వస్తారుగా, అప్పుడు అడుగు. నోటీసు చూసి తెలుసుకుంటే మనసులు పాడవుతాయి.

బొబ్బిలి గుమాస్తా:
కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. పాత అర్జీ నంబరు తప్పకుండా రాయండి. 2022 ఏప్రిల్‌లో రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. అలవాటు కొద్దీ శ్రీకాకుళం బస్సెక్కి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు! తిరస్కరిస్తూ ఉత్తర్వు ఇస్తే 1971 పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం సెక్షన్ 5(5) కింద ఆర్డీవో దగ్గర అప్పీలు. గడువు 60 రోజులు. ఉత్తర్వు చేతికందిన తేదీ కవరు మీదే రాసుకోండి.

రాజాం రైతుబిడ్డ:
నిన్న విస్తీర్ణం అర్జీ నమోదైంది, నంబరు ఇచ్చారు. ఇవాళ పొద్దున్నే సర్వేయరు ఫోన్ చేసి పొలం ఎక్కడని నాన్నగారిని అడిగారట. పెదనాన్నగారి అబ్బాయితో కూడా మాట్లాడాను. "తాత పేరు దగ్గర మా నాన్న పేరేటిరా" అని నవ్వి, సంతకం పెడతానన్నాడు.

పాత వీఆర్వో:
మంచిది బాబూ. మారిందని మెసేజ్ వచ్చిన రోజున 1బీ ఒక్కటే చూసి ఊరుకోకు. అడంగల్ కూడా తీయి. ఒకదాంట్లో మారి రెండోదాంట్లో పాతదే ఉండిపోయిన కేసులు ఉన్నాయి. అలా ఉంటే అదే అర్జీ నంబరు పట్టుకుని వెంటనే వెళ్లు, మళ్లీ కొత్త అర్జీ పెట్టకు.