పిల్లలకు కాడల్ బ్లాక్: టెస్ట్ డోస్ తరువాత మానిటర్‌లో ఏం చూస్తున్నారు?

హన్మకొండ పీజీ:
హెర్నియా ఆపరేషన్‌కు వచ్చే చిన్నపిల్లలకు సెవోఫ్లూరేన్‌తో మత్తు ఇచ్చాక కాడల్ (తోక ఎముక దగ్గర సూదితో మందు ఇచ్చి నడుము కింది భాగాన్ని మొద్దుబార్చడం) చేస్తున్నాము. అడ్రినలిన్ కలిపిన టెస్ట్ డోస్ (సూది రక్తనాళంలో ఉందేమో తెలుసుకోవడానికి ముందుగా ఇచ్చే కొద్దిపాటి మందు) తరువాత గుండె వేగం నిమిషానికి 10 పెరిగితే మందు రక్తనాళంలోకి వెళ్లినట్టేనని చదివాను. పెరగకపోతే మిగతా మందు నిశ్చింతగా ఇవ్వవచ్చునా?

కరీంనగర్ మత్తు వైద్యుడు:
ఇవ్వకూడదు. మత్తులో ఉన్న పిల్లల్లో అడ్రినలిన్ నాళంలోకి వెళ్లినా కొందరికి వేగం పెద్దగా పెరగదు, కానీ ఈసీజీలో టీ తరంగం (ప్రతి గుండె చప్పుడు గీత చివర వచ్చే చిన్న గుట్ట) నిమిషంలోపే నిటారుగా లేస్తుంది; అందుకే నేను వేగం అంకె కన్నా ఆ తరంగాన్నే ఎక్కువగా నమ్ముతాను. సూది గుచ్చినప్పుడు వేగం ఎలాగూ పెరుగుతుంది కనుక అది తగ్గి నిలకడకు వచ్చేదాకా ఆగి, లీడ్ టూ (ఈసీజీ గీతల్లో ఒకటి) తరంగాన్ని కాగితం మీద తీయించి, ఆ తరువాతే టెస్ట్ డోస్ ఇస్తాను. 1:200000 అడ్రినలిన్ ఉన్న మందయితే కిలోకు 0.1 మి.లీ., అంటే పది కిలోల బిడ్డకు 1 మి.లీ. సిరంజిని వెనక్కి లాగితే రక్తం రాలేదన్నది భరోసా కాదు. పసిపిల్లల్లో సూది మెత్తని ఎముకలోకీ దిగవచ్చు.

జగిత్యాల ఓటీ టెక్నీషియన్:
సార్, ఒక చిన్న మాట. మానిటర్‌లో ఆటో గెయిన్ ఉంటే తరంగం సైజును అదే మార్చేస్తుంది కనుక ముందు, తరువాత పోల్చడం కుదరదు. మా దగ్గర కేసు మొదలుకాకముందే దానిని తీసేసి సైజును స్థిరంగా పెడతాము. బిడ్డను పక్కకు తిప్పగానే, ముఖ్యంగా ఎండాకాలం చెమటకు, ఎలక్ట్రోడ్లు ఊడిపోతుంటాయి. తిప్పిన తరువాత మళ్లీ ఒత్తి చూసుకోవాలి. పల్స్ శబ్దం ఎవరూ తగ్గించకూడదు.

వరంగల్ మేడమ్:
టెస్ట్ డోస్ బాగుందని మిగతాది ఒక్కసారే నెట్టేయకండి. పది కిలోల బిడ్డకు 0.25 శాతం బుపివకెయిన్ (మొద్దుబార్చే మందు) 10 మి.లీ. ఇస్తే 25 మి.గ్రా., కిలోకు 2.5 మి.గ్రా. పరిమితి అక్కడికే నిండిపోతుంది. కొద్దికొద్దిగా ఇస్తూ, మధ్యలో ఆగి తెర చూడాలి. అల్ట్రాసౌండ్‌లో మందు వ్యాపించడం కనబడుతున్నా నేను ఈసీజీ చూడడం మానను.

హన్మకొండ పీజీ:
ధన్యవాదాలు మేడమ్. మందు గుండెకు సోకి ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదులు కొట్టుకునేటప్పటి నిటారు గీత) వెడల్పయితే?

వరంగల్ మేడమ్:
వెంటనే మందు ఆపి, నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, సాయానికి పిలవండి. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (ఈ విషప్రభావానికి నరంలోకి ఇచ్చే కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మి.లీ., అంటే ఈ బిడ్డకు 15 మి.లీ. ఆ సీసా స్టోర్‌లో కాదు, ఓటీ లోపలే ఉండాలి.