అప్‌డేట్: ఆగి ఆగి ప్లే అయ్యే 4కే ఫుటేజ్, హైదరాబాద్ ప్రశ్న

నేను ఎడిట్ చేసే పెళ్లిళ్ల 4కే ఫుటేజ్ టైమ్‌లైన్‌లో ఆగిపోతోంది, కొత్త సిస్టమ్ కొనాలా, అసలు పని కోసం వైజాగ్ వదిలి హైదరాబాద్ వెళ్లాలా అని అడిగాను కదా.

సిస్టమ్ కొనలేదు. మీలో ఒకరు చెప్పినట్టు ఇబ్బంది కోడెక్‌తోనే, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతితోనే. కెమెరా ఇచ్చే హెచ్.265 ఫైళ్లలో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడతాయి. ఒక్క ఫ్రేమ్ చూపించాలన్నా ప్రాసెసర్ చుట్టుపక్కలవి కూడా విప్పుకోవాలి. పైగా రంగుల వివరం ఎక్కువగా దాచే 10-బిట్ 4:2:2 రకాన్ని చాలా గ్రాఫిక్స్ కార్డులు సొంతంగా డీకోడ్ చేయలేవు, నా కార్డూ అంతే. ఇప్పుడు నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో సగం రిజల్యూషన్‌కి ప్రాక్సీలు, అంటే కటింగ్ కోసం తేలికైన నకళ్లు, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ అనే ఫార్మాట్‌లో తయారవ్వమని రాత్రి పెట్టేసి పడుకుంటున్నాను. పొద్దున కటింగ్ హాయిగా సాగుతోంది. ఫైనల్ వీడియో బయటికి తీసే డెలివర్ పేజీలో ప్రాక్సీ వాడమనే టిక్ లేకుండా మాత్రం తప్పక చూసుకోండి. ప్రాక్సీలు బ్యాకప్ కావు, ఒరిజినల్స్ రెండు డ్రైవుల్లో ఉండాల్సిందే.

హైదరాబాద్ ఇప్పట్లో లేదు. ఇక్కడే వైజాగ్ గాజువాకలో ఒక స్టూడియో ఆయన నెలనెలా పని ఇస్తానన్నారు. సగం అడ్వాన్స్, కరెక్షన్లు రెండుసార్లే, ఆపైన విడిగా డబ్బు అని వాట్సాప్‌లో ముందే రాసి పంపాను. అడగడానికి చాలా టెన్షన్ పడ్డాను, ఆయన వెంటనే సరేనన్నారు. అలా ముందే రాసి పంపమని సలహా ఇచ్చిన అక్కకి ప్రత్యేకంగా థాంక్స్. పాత క్లయింట్ బాకీ ఇంకా రాలేదు.