నల్లగొండల కిరాయి ఇల్లు ఏ దిక్కు చూడాలె?

పాలమూరు నుంచి మారుతున్నం. బిడ్డ పదికి వస్తది. రామగిరి దిక్కా, పానగల్లా?

— ముందు బడి ఖాయం చేస్కో అక్కా, తర్వాతే ఇల్లు. టీసీల పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండ కలవాలె. నామినల్ రోల్‌ల (పది పరీక్ష రాసేటోళ్ల పేర్ల లిస్టు) తప్పు పడితే మార్కుల మెమోల గూడ అదే అచ్చయితది.

— పానగల్ ఉదయ సముద్రం పక్క, గాలి మంచిగుంటది. కానీ ట్యూషన్ ఇడిశే టైముకు, రాత్రి 8కి, ఆటో దొరుకుతదా? ఆ టైముకే పోయి చూడు.

— నీళ్ల సంగతి ఎవరూ అడుగరేంది! తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. మరగబెడితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కబడ్తది. ఓనర్ 'భగీరథ నల్లా (సర్కారు మిషన్ భగీరథ నీళ్లు) ఉంది' అంటడు. సంపు మూత తీపియ్యి. రెండు పైపులుంటే బోరు నీళ్లు కలుస్తున్నయేమో అడుగు.

— బోరే అయితే ఆర్వో పెట్టుకో. ఉత్త క్యాండిల్ ఫిల్టర్‌తోని ఫ్లోరైడ్ పోదు.