కారు మొత్తం పాలిష్ కొట్టుడుకు ఒక్క ఫోమ్ ప్యాడా, ఆరా? తుడుచుకుంట పోతే చాలదా?

బల్లార్షా_బఫ్:
సీదా ప్రశ్న. మన బల్లార్షా, రాజురా, చంద్రాపూర్ షెడ్లల్ల చానామంది ఒక్క కటింగ్ ప్యాడ్‌తోనే (పెయింట్ మీది గీతలు పోవుడుకు రుద్దే గట్టి ఫోమ్) బండి మొత్తం కొట్టేస్తరు, నడుమ నడుమ తుడుచుకుంట పోతరు. ఇంకో వర్గం ఉన్నది, సెడాన్‌కు ఆరు ప్యాడ్లు లేనిదే మెషిన్ స్విచ్చే ముట్టద్దంటది. నేను మొదటి దిక్కు. తుడుసుడు సరిగ్గ వస్తే ఒక్కటి చాలు.

సరిగ్గ అంటే ఇట్ల. డీఏ మెషిన్ (తిరుగుకుంట ఊగే పాలిష్ మెషిన్), 5.5 ఇంచుల ప్యాడ్, ఒక్కసారికి 2×2 అడుగుల జాగ. పొడి ప్యాడ్ ముఖానికి మొదలు కాంపౌండ్ (రాపిడి పొడి కలిసిన పాలిష్ పేస్ట్) పల్చగ రుద్ది పట్టియ్యాలె. ఆ తర్వాత జాగకు బఠాణి గింజంత 3 చుక్కలు, అంతకు మించద్దు. అడ్డం-నిలువు నాలుగు నుంచి ఆరు సార్లు తిప్పినంక మెషిన్ ఆపి లేపాలె. తిరుగుతుండంగ లేపితే అద్దాల మీద దాక చిట్లుతది. కారుకు దూరం జరిగి, తక్కువ స్పీడు మీద ప్యాడ్ తిప్పుకుంట నైలాన్ బ్రష్‌ను నడుమకెళ్ళి అంచుకు 5–10 సెకండ్లు ఆనియ్యాలె. వెంటనే పొడి టవల్‌ను మడత పెట్టి ప్యాడ్‌కు ఒత్తాలె. టవల్ మీద బూడిద రంగు చక్రం పడుతది. టవల్ తిరగేసి మళ్ళ ఒత్తితే ఆ చక్రం సగానికి సగం పల్చబడాలె. పల్చబడకపోతే మళ్ళ బ్రష్.

ఇంత చేసినంక ఆరు ప్యాడ్లు ఎందుకో ఎవరన్న చెప్పున్రి.

రాజురా_రోటరీ:
బ్రష్ మురికిని తీస్తది అన్నా, వేడిని తియ్యదు. తకరారు అక్కడ.

ఫోమ్‌ల వేడి చిక్కితే తొందరగ బయటికి పోదు. పై ముఖం చల్లగ తగిలినా లోపల, మెషిన్‌కు అంటుకునే వెల్క్రో దగ్గర, వేడి కూసుంటది. దానికి కాంపౌండ్ తడి తోడైతది. ఫోమ్ మెత్తబడి కోత (పెయింట్ పై పొరను అరగదీసుడు) తగ్గుతది. కోత తగ్గిందని మనిషి ఇంకింత బలం పెడతడు, వేడి ఇంక పెరుగుతది. ఆఖరికి ఫోమ్ చినుగక ముందే ఫోమ్‌కు వెల్క్రోకు నడుమ ఉన్న గమ్ వదులుతది. నడుమల గుంటపడ్డ ప్యాడ్లు ఏ షెడ్డుల చూసినా దొరుకుతయి, అవన్నీ ఈ లెక్కన పోయినయే.

బొటనవేలుతో ఒత్తి చూడు. బాగున్న ఫోమ్ వేలు తియ్యంగనే లేస్తది. అలసిన ఫోమ్‌ల గుంట ఒకటి రెండు సెకండ్లు నిలుస్తది. నిలిచిందంటే ఆ ప్యాడ్‌ను తీసి నీడకు పెట్టాలె, ఎంత తుడిచినా లాభం లేదు.

ఇంకోటి, బ్యాకింగ్ ప్లేట్ (మెషిన్‌కు ప్యాడ్ అంటుకునే పళ్ళెం) అంచున నల్ల మార్కర్‌తోని ఒక గీత పెట్టు. పని నడుస్తుంటే ఆ గీత తిరుగుడు కనపడాలె. తిరుగుడు ఆగి ఉత్తగ వణుకుతున్నదంటే బలం ఎక్కువైనట్టు, లేకుంటే ప్యాడ్ నాని బరువెక్కినట్టు. మే నెలల చంద్రాపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతది. రేకుల షెడ్డుల బానెట్ ముట్టుకుంటనే చెయ్యి చుర్రుమంటది. అసొంటి రోజు ఒక్క ప్యాడ్‌తోని రూఫ్ దాక పోతనంటే నేను నమ్మ. బంపరైతే ఇంక కష్టం. కారు రేకు వేడిని పక్కకు గుంజుకుంటది, ప్లాస్టిక్ గుంజదు, వేడి అక్కడనే నిలిచి పెయింట్ కాలుతది.

రాయగడ_రంగులు:
ఇద్దరూ ఏ కాంపౌండో చెప్పకుండా వాదించుకుంటున్నారండి. సగం జవాబు అందులోనే ఉంది.

కాంపౌండ్‌లో ఉండే రాపిడి పొడి రెండు రకాలు. ఒకటి తిప్పేకొద్దీ నలిగి సన్నబడేది. రెండోది మొదటి నుంచి చివరిదాకా అదే సైజులో ఉండేది, మెగ్వయర్స్ ఎం105 లాంటిది. మొదటి రకంలో పాతది ప్యాడ్‌లో మిగిలితే కోత తగ్గుతుంది. రెండో రకంలో ఊడిన క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) పొడి, ఎండిన కాంపౌండ్ కలిసి ఉండలు కడతాయి. ఆ ఉండలే గీతలు గీస్తాయి. ఈ రకం వాడేవాళ్ళు ప్రతి జాగాకీ తుడవాల్సిందే, రెండు జాగాలకోసారి అంటే కుదరదు.

మీరిద్దరూ చెప్పని తప్పు ఇంకోటుంది. పని మధ్యలో ప్యాడ్ కడిగి, పిండి, మళ్ళీ ఎక్కించేయడం. ఒక్క ప్యాడ్ ఉన్నవాళ్ళు చివరికి చేసేది ఇదే. ఫోమ్‌లో మిగిలిన నీళ్ళు కాంపౌండ్‌ని పల్చన చేస్తాయి, కోత పోతుంది, చుట్టూ చిమ్ముతుంది. పైకి ఆరినట్టుంటే నమ్మకండి. టిష్యూ కాగితంలో పెట్టి గట్టిగా నొక్కితే తడి మచ్చ పడుతుంది. వానాకాలం మా రాయగడలో ఫ్యాను కింద పెట్టినా రెండు మూడు రోజులు పట్టేస్తాది.

బల్లార్షా_బఫ్:
కాంపౌండ్ మాట నిజమే, ఒప్పుకున్న. నేను చెప్పింది నలిగే రకానికి.

వేడి మాటకు జవాబు గాలి. 60–80 పీఎస్‌ఐ ఒత్తిడితోని కంప్రెసర్ గాలిని ముఖానికి సీదాగ కాకుండ ఏటవాలుగ కొడితే లోపలి పొడి ఎగురుతది, ప్యాడ్ ఆరుతది, చల్లబడుతది. బ్రష్ కంటె ఇది నయం, ఫోమ్ కూడ చినుగదు. అయితే కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్ళు నిలుస్తయి. ముందుగాల కింది వాల్వ్ ఇప్పి పారగొట్టకపోతే నీళ్ళన్నీ ప్యాడ్‌లకే పోతయి. మాస్క్, కళ్ళద్దాలు లేకుండ కొట్టద్దు, కారు పక్కన కొట్టద్దు.

రాజురా_రోటరీ:
గాలితోని చల్లబడేది పై సగమే. వెల్క్రో దిక్కు అరచెయ్యి పెట్టి చూడు, తెలుస్తది.

కిన్వట్_కోట్స్:
ప్యాడ్లు ఎన్నైనా ఉండని, ఉతుకుడు తెల్వకపోతే అన్నీ ఒకటే తీరుగ చస్తయి.

పని అయిన పొద్దే ఉతకాలె, ఎండి గట్టిపడితే లోపలి కాంపౌండ్ రాదు. నీళ్ళు గోరువెచ్చగ, 40 డిగ్రీలు దాటద్దు. ఏపీసీ (ఆల్ పర్పస్ క్లీనర్) ఒక వంతుకు నీళ్ళు పది వంతులు. నానుడు 10–15 నిమిషాలు చాలు, రాత్రంత నానేస్తే గమ్ ఉబ్బి వెల్క్రో లేస్తది. ముఖాన్ని బొటనవేళ్ళతోని రుద్దుకుంట నురగ పోయేదాక కడగాలె. ధోతి పిండినట్టు మెలి తిప్పద్దు, రెండు అరచేతుల నడుమ పెట్టి ఒత్తాలె. ఆఖరుకు పొడి టవల్‌ల చుట్టి ఒకసారి ఒత్తితే చాన నీళ్ళు దిగుతయి.

ఆరబెట్టేటప్పుడు ఫోమ్ ముఖం కిందికి, వెల్క్రో మీదికి. తిరగేసి పెడితే నీళ్ళన్నీ గమ్ దగ్గరికే దిగుతయి. జాలీ మీద, నీడల. గనుల దిక్కు ఉన్నోళ్ళు డాబా మీద ఆరెయ్యకున్రి. బొగ్గు దుమ్ము తడి ఫోమ్‌కు అంటుకుంటది, రేపు అదే నల్ల కారు మీద గీతలైతది.

బోరు నీళ్ళు ఉప్పగుంటే ఆరినంక ప్యాడ్ అప్పడం లెక్క బిర్రుగైతది. ఆఖరి ఒక్క జాడింపు ఆర్‌ఓ నీళ్ళతోని చేస్తే మెత్తగుంటది. ప్యాడ్‌కు అర లీటరు చాలు.

థిన్నర్, పెట్రోల్ మాటే వద్దు. గమ్ కరుగుతది, ఫోమ్ ఉబ్బుతది. బట్టలకేసే సాఫ్ట్‌నర్ కూడ వద్దు, ఫోమ్‌ల మిగిలిపోయి పెయింట్‌కు అంటుకుంటది.

రాయగడ_రంగులు:
దీనికి ఒకటి కలపండి. ఎంత ఉతికినా కటింగ్ ప్యాడ్‌ని ఫినిషింగ్‌కి (చివరి మెరుపు పనికి) వాడకూడదు. లోపల ఏదో ఒక రవ్వ ఉండనే ఉంటుంది, నల్ల కారు మీద ఎండలో పొగలా కనిపిస్తుంది. వెల్క్రో వెనకాల మార్కర్‌తో కాంపౌండ్ పేరు రాసుకుంటే పేచీ ఉండదు. కింద పడ్డ ప్యాడ్‌ని దులిపి ఎక్కించే అలవాటు కూడా ఉంది మనవాళ్ళకి. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీయాలండి.

బల్లార్షా_బఫ్:
సరే, లెక్క మారుస్తున్న. ఒక్కటి కాదు, మూడు. ఒకటి మెషిన్ మీద, ఒకటి గాలి కొట్టి పక్కకు, ఒకటి నీడల చల్లబడుకుంట. రెండు జాగలకోసారి మార్చుకుంట పోవాలె. బంపర్లకు, పిల్లర్లకు (అద్దాల నడుమ ఉండే సన్న కంబాలు) 3 ఇంచులది వేరే. ఆరు మాత్రం ఒప్పుకోను.

రాజురా_రోటరీ:
చలికాలం మూడు నడుస్తయి. మే నెలల రూఫ్ కాడికి వచ్చేసరికి మూడోదాన్ని బొటనవేలుతోని ఒత్తి చూడు, గుంట నిలుస్తదో లేస్తదో ఇక్కడ రాయి.