సమస్య: "ఇసుకపంట కోసి యినుముఁ దినిరి"

నిర్వాహకులు: ఈ వారం ఆటవెలది, విషయం ఖలిబులు. నల్లసముద్రానికి దక్షిణపు ఒడ్డున, నేటి టర్కీలో, ఖలిబులనే జాతి ఉండేది. గ్రీకులో 'ఖలిప్స్' అంటే ఉక్కు. వీళ్ల పేరూ అదే. ఏళ్లు కొట్టుకొచ్చిన ఇసుకను కడిగి, కొలిమిలో వేసి ఇనుము తీసేవారని అరిస్టాటిల్ పేర చెలామణి అయ్యే ఒక గ్రంథంలో ఉంది.

పూరణ 1:
నల్లకడలి దరిని నాగలే యెఱుఁగరు
ఖలిబు లనెడు జనులు కఱవు లేక
కరఁగఁ బోసి యమ్మి గడియించి ధాన్యము
ఇసుకపంట కోసి యినుముఁ దినిరి

నిర్వాహకులు: అమ్మా, ఎత్తుగడ బాగుంది. వాళ్లు ఎద్దులు కట్టి దున్నరని, ఇనుమిచ్చి తిండి తెచ్చుకుంటారని గ్రీకు కవి అపొలోనియస్ చెప్పిందే ఇది. కానీ 'ధాన్యము' తర్వాత 'ఇసుక' వస్తే సంధి తప్పదు. 'కఱవు లేక' అన్నది మరీ తీపి. మసిలో, పొగలో పాటు పడకుండా వాళ్లకు తెల్లవారదని అతనే అన్నాడు. క్రీ.పూ. 400లో ఆ దారిన నడిచిన గ్రీకు రచయిత జెనొఫోన్ కూడా వాళ్లు కొద్దిమందేనని, మొస్సినోయికులనే పొరుగు జాతికి లోబడి ఉన్నారని రాశాడు. ఇంకొకటి, ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆనాటి కొలిమిలో అది ముద్దగానే దిగేది, సుత్తితో సాగగొట్టాల్సిందే.

పూరణ 1, సవరించి:
నల్లకడలి దరిని నాగలే యెఱుఁగరు
ఖలిబు లనెడు జనులు, కమురుపొగలఁ
గాల్చి కొట్టి యమ్మి కడుపులు నింపిరి;
ఇసుకపంట కోసి యినుముఁ దినిరి

నిర్వాహకులు: 'కమురుపొగల' దగ్గర పద్యం లేచింది. యతికోసం వెతికితే దొరికిన మాటలా లేదు.

పూరణ 2:
ఏఱు తెచ్చు నేది? యెట్టుల రైతన్న
బ్రతుకు? కొలిమి నుండి వచ్చు నేది?
ఎసరు కాఁగినంత నేమి చేసి రచట?
ఇసుక; పంట కోసి; యినుముఁ; దినిరి

నిర్వాహకులు: ప్రశ్నలకు వరుసగా జవాబులు చెప్పే క్రమాలంకారంతో సమస్యను పిండి చేశారు. అయితే ఖలిబులు ఏరీ? ఈ పద్యం మా ఊరి కమ్మరి కొలిమికైనా సరిపోతుంది. పైగా ఫర్నాకియా (నేటి గిరెసున్) దగ్గర వాళ్లకు గనులతో పాటు తూనా చేపల వేట కూడా ఉందని గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో చెప్పాడు. ఎసట్లో అదైనా పడాల్సింది.

పూరణ 2 కవి: చేపను రెండు గంటలు తరిమానండి, యతికి చిక్కలేదు.