ఫోర్‌ఫిట్ అంటే కేవలం పోగొట్టుకోవడమేనా?

ప్రశ్న:
నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు మారుతున్నాను. పదకొండు నెలల అద్దె ఒప్పందంలో, ఆరు నెలల లోపు ఖాళీ అయితే ‘టెనెంట్ షల్ ఫోర్‌ఫిట్ వన్ మంత్స్ రెంట్’ అని రాసి ఉంది. నిఘంటువులో ‘కోల్పోవు’ అనే అర్థం కనిపించింది. అలాగైతే ‘లూజ్’ అని రాస్తే సరిపోయేది కదా? పైగా నేను దానిని ‘ఫోర్‌ఫీట్’ అని చదివితే బ్రోకరు నవ్వాడు. తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
చివర ఎఫ్, ఇ, ఐ, టి అని ఉన్నా పలికేది ‘ఫిట్’ అనే; ‘కౌంటర్‌ఫిట్’ కూడా అంతే. మీ బ్రోకరు గారు కూడా ఒకప్పుడు తప్పు చదివే నేర్చుకుని ఉంటారు లెండి.

ఇక అర్థానికి వస్తే, బస్సులో పర్సు పోతే అది ‘లూజ్’, ఒప్పుకున్న మాట తప్పినందుకు దక్కకుండా పోతే అది ‘ఫోర్‌ఫిట్’. పాత ఫ్రెంచి భాషలో దీని మూలపదానికి నేరమనే అర్థం ఉండేది. లోక్‌సభ ఎన్నికల్లో జనరల్ అభ్యర్థి 25,000 రూపాయల ధరావతు కడతాడు; ఓడిపోయి, చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి తెచ్చుకోలేకపోతే అది పోతుంది. ఇంగ్లీషు పత్రికలు దీనికి ‘ఫోర్‌ఫిట్’ వాడితే, మనవాళ్లు ‘ధరావతు గల్లంతు’ అని రాస్తారు. గోదావరిలో పడవ మునిగితే మనుషులు గల్లంతైనట్టు, అందులో షరతు ఊసే వినిపించదు. నా మటుకు స్థలం బేరంలో మనం అనే ‘వెనక్కి తగ్గితే బయానా పోతుంది’ అన్న మాటే దీనికి దగ్గరగా ఉంటుంది.

రెండో జవాబు:
‘కాన్ఫిస్కేట్’తో కలపకండి. అక్కడ కర్త లాక్కునేవాడు, ఇక్కడ కర్త పోగొట్టుకునేవాడు. 2006లో ఓవల్ టెస్టులో, బంతి స్థితిని చెడగొట్టారంటూ అయిదు పరుగుల జరిమానా వేసినందుకు నిరసనగా పాకిస్తాన్ జట్టు టీ విరామం తర్వాత వెంటనే మైదానంలోకి రాకపోవడంతో, ఆ జట్టు మ్యాచ్‌ను ‘ఫోర్‌ఫిట్’ చేసిందని అంపైర్లు తేల్చారు. మ్యాచ్‌ను ఎవరూ లాక్కోలేదు, రానందువల్లే పోయింది.

మీ పత్రంలో మరో విషయం చూసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, మాట తప్పినందుకు ఇంత అని ముందే రాసుకున్నా, ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ఆరు నెలల లోపు ఓనరే ఖాళీ చేయమంటే ఏమిటన్నది అందులో ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మళ్లీ చదివాను. ఎవరు ఖాళీ చేయించినా నెల అద్దె నాదే పోయేటట్టు ఉంది. ‘అద్దెదారు తనంతట తాను ఖాళీ చేస్తే’ అని చేర్చమని ఓనరు గారిని అడుగుతాను.